కత్‌బర్ట్ కథలో ఏ పొర ఏ కాలానిది?

ఇంగ్లండు ఈశాన్య ప్రాంతంలోని డర్హమ్ కథీడ్రల్‌లో, ప్రధాన వేదిక వెనుక, నేలలో పరిచిన ఒక సాదా రాతి పలక మీద కత్‌బర్ట్ పేరు లాటిన్‌లో చెక్కి ఉంటుంది. 687లో మరణించిన ఆ సన్యాసి గురించి ఈ రోజు వినిపించే మాటలు ఒకదానితో ఒకటి పొసగవు. కొందరు ఆయనను రోము అధికారానికి తలవంచని ఐరిష్ సంప్రదాయపు సాధువు అంటారు. మరికొందరు ఆయనను రోము పద్ధతిని నిలబెట్టిన ఆదర్శ బిషప్‌గా చూపుతారు. పశుపక్ష్యాదులను ప్రేమించినవాడని, ప్రపంచంలోనే మొదటి పక్షి సంరక్షణ చట్టం చేసినవాడని ఒక మాట ఉంది. స్త్రీ నీడ కూడా సహించనివాడని ఇంకొక మాట ఉంది. ఆయన దేహం శతాబ్దాల పాటు కుళ్ళలేదన్న నమ్మకం వీటన్నిటికంటే బలమైనది. ఈ చిక్కు విడిపోవాలంటే, ప్రతి మాటా ఏ శతాబ్దంలో, ఎవరి చేత, ఏ అవసరం కోసం రాయబడిందో వరుసగా చూడటం ఒక్కటే మార్గం. అలా చూసినప్పుడు చాలా వైరుధ్యాలు కత్‌బర్ట్‌వి కావని, ఆయన పేరును తరతరాలుగా వాడుకున్నవారివని తేలుతుంది.

మనకు ఉన్న ఆధారాలు ఎవరివి, ఎప్పటివి

కత్‌బర్ట్ ఆంగ్లో-శాక్సన్ల కాలపు మనిషి. ఆంగ్లో-శాక్సన్లంటే, రోమన్ పాలన ముగిశాక 5వ శతాబ్దం నుంచి ఉత్తర సముద్రం దాటి బ్రిటన్‌కు వచ్చి స్థిరపడిన జర్మానిక్ తెగల సంతతివారు. 1066లో నార్మన్లు జయించేదాకా వారి రాజ్యాలు అక్కడ సాగాయి. వాటిలో ఉత్తరాన ఉన్నది నార్తంబ్రియా. కత్‌బర్ట్ ఆ రాజ్యంవాడు.

ఆయన జీవితం గురించి మూడు తొలి రచనలు ఉన్నాయి. మొదటిది, 700కు కాస్త అటూ ఇటూగా, నార్తంబ్రియా తీరంలోని లిండిస్‌ఫార్న్ దీవి మఠంలో పేరు చెప్పుకోని ఒక సన్యాసి రాసినది. తరువాతి రెండూ జారో మఠానికి చెందిన పండితుడు బీడ్ రచనలు. ఆయన ముందు పద్యంలో ఒకటి, సుమారు 721లో గద్యంలో ఇంకొకటి రాశాడు. బీడ్ కత్‌బర్ట్‌ను ఎరిగినవాడు కాడు, అయితే శ్రద్ధగలవాడు. తన గద్య రచనను కత్‌బర్ట్‌కు సన్నిహితులైన వారికి చూపించానని, లిండిస్‌ఫార్న్ పెద్దలు రెండు రోజుల పాటు దానిని పరిశీలించారని ముందుమాటలో రాసుకున్నాడు. ఇక డర్హమ్‌లో సిమియన్, రెజినాల్డ్ వంటి సన్యాసులు రాసిన గ్రంథాలు 12వ శతాబ్దానివి, అంటే కత్‌బర్ట్ మరణానికి నాలుగైదు వందల ఏళ్ళ తరువాతివి. జనంలో ప్రచారంలో ఉన్న కత్‌బర్ట్ చాలావరకు ఈ చివరి పొరకు చెందినవాడు.

కాపరి కుర్రవాడి నుంచి దీవిలో ఏకాంతవాసి దాకా

కత్‌బర్ట్ సుమారు 634లో పుట్టాడు. 651 ఆగస్టు చివరి రాత్రి కొండల మీద గొర్రెలు కాస్తూ, ఒక ఆత్మను దేవదూతలు వెలుగులో పైకి తీసుకుపోవడం చూశాడని, అదే రాత్రి లిండిస్‌ఫార్న్ వ్యవస్థాపకుడైన బిషప్ ఐడన్ కన్నుమూశాడని తరువాత తెలిసిందని రచనలు చెబుతాయి. ఆపైన ఆయన ఇప్పటి స్కాట్లండు సరిహద్దులలో ఉన్న మెల్రోజ్ మఠంలో చేరాడు. అక్కడ బాయ్‌సిల్ అనే పెద్దాయన ఆయనకు గురువు. మహమ్మారి సోకి మరణశయ్య మీద ఉన్న బాయ్‌సిల్, మిగిలిన ఏడు రోజుల్లోనూ కత్‌బర్ట్‌తో కలిసి యోహాను సువార్త చదివాడని బీడ్ రాశాడు. ఈ చిన్న సంఘటన తరువాత ఒక పుస్తకం విషయంలో పెద్ద చర్చకు దారి తీసింది.

గురువు తరువాత కత్‌బర్ట్ మెల్రోజ్‌లో, ఆపైన లిండిస్‌ఫార్న్‌లో మఠ నిర్వాహకుడిగా పనిచేశాడు. ఊళ్ళ మీదకు వెళ్ళి, ఇతర బోధకులు అడుగుపెట్టని కొండ గూడేలలో వారాల తరబడి ఉండి బోధించేవాడు. 676లో అన్నీ విడిచి, సముద్రంలోని ఇన్నర్ ఫార్న్ అనే రాతి దీవికి వెళ్ళిపోయాడు. అక్కడ ఆకాశం తప్ప మరేదీ కనబడని ఎత్తున గుండ్రని గోడ కట్టుకున్నాడు. గోధుమ వేస్తే మొలవలేదు. అదను దాటాక వేసిన బార్లీ పండింది. అతిథిగృహం పైకప్పు గడ్డిని పీకిన రెండు కాకులు ఆయన మందలింపుతో వెళ్ళిపోయి, తిరిగి వచ్చి క్షమాపణగా పంది కొవ్వు ముక్క తెచ్చాయనీ, ఆ కొవ్వును వచ్చిన అతిథులు చెప్పులకు రాసుకునేవారనీ చెప్పే కథ తొలి రచనలలోనే ఉంది. అద్భుతాన్ని నమ్మినా నమ్మకపోయినా, చెప్పులకు కొవ్వు రాసుకునే వివరం మాత్రం ఆ దీవిని దగ్గరగా ఎరిగినవారి నుంచే వచ్చి ఉండాలి.

ఐరిష్ పద్ధతా, రోమన్ పద్ధతా: ఈస్టర్ తగవు

ఈ వివాదం అర్థం కావాలంటే ముందు లెక్క తెలియాలి. ఈస్టర్ అనేది వసంత విషువత్తుకు, అంటే వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు, సంబంధించిన చాంద్రమాసంలో, పౌర్ణమి ప్రాంతంలో వచ్చే ఆదివారం. నార్తంబ్రియాలో క్రైస్తవం రెండు దారుల్లో వచ్చింది. ఒకటి స్కాట్లండు పశ్చిమ తీరంలోని అయోనా దీవి మీదుగా వచ్చిన ఐరిష్ సంప్రదాయం, రెండవది రోము నుంచి ఆగ్నేయ ఇంగ్లండులోని కెంట్ రాజ్యపు కాంటర్బరీ మీదుగా వచ్చినది. అయోనా లెక్క ప్రకారం చంద్రుడి (అమావాస్య తరువాత లెక్కించే) 14వ రోజు నుంచి 20వ రోజు లోపు వచ్చే ఆదివారం ఈస్టర్. రోము అప్పటికి అనుసరిస్తున్న లెక్క ప్రకారం అది 15 నుంచి 21 లోపు రావాలి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక ఏడాది చంద్రుడి 14వ రోజే ఆదివారం అయిందనుకుందాం. అయోనా వారికి ఆ రోజే పండుగ. రోము వారికి 14 చెల్లదు కాబట్టి తరువాతి ఆదివారం, అంటే 21వ రోజు పండుగ. ఒకే ఊళ్ళో సగం మంది విందు చేసుకుంటూ ఉంటే మిగతా సగం ఇంకా ఉపవాసంలో ఉంటారు. రెండు పంచాంగాలు రెండు తిథులు చెప్పినప్పుడు పండుగ ఏ రోజు చేసుకోవాలన్న తర్జనభర్జన మనకు తెలిసినదే, కానీ అక్కడ సమస్య రాజు ఇంట్లోకే వచ్చింది. రాజు ఓస్వియు ఐరిష్ పద్ధతివాడు, కెంట్ నుంచి వచ్చిన రాణి రోము పద్ధతిది. రాజు ఈస్టర్ జరుపుకుంటుంటే రాణి దానికి వారం ముందు వచ్చే మట్టల ఆదివారపు ఉపవాసంలో ఉండేదని బీడ్ రాశాడు. 664లో విట్బీలో, మఠాధిపతి హిల్డ్ ఆతిథ్యంలో సభ జరిగింది. ఐరిష్ పక్షాన బిషప్ కోల్మన్, రోము పక్షాన విల్‌ఫ్రిడ్ వాదించారు. రాజు రోము వైపు తీర్పు చెప్పాడు. కోల్మన్ తన అనుచరులతో వెళ్ళిపోయాడు. కత్‌బర్ట్ ఉండిపోయాడు.

మరి ఆయన ఏ పక్షం? అంతకు కొన్నేళ్ళ ముందు రిపన్‌లో జరిగిన సంగతిని రెండు రచనలు చెప్పే తీరు గమనించాలి. మెల్రోజ్ నుంచి కత్‌బర్ట్‌తో సహా కొందరు రిపన్ వెళ్ళి కొత్త మఠం పెట్టారు. ఓస్వియు కుమారుడు ఆ మఠాన్ని విల్‌ఫ్రిడ్‌కు ఇవ్వదలచినప్పుడు, తమ పద్ధతి మార్చుకోని ఈ బృందం అక్కడి నుంచి వెళ్ళవలసి వచ్చిందని బీడ్ రచనల వల్ల తెలుస్తుంది. లిండిస్‌ఫార్న్ సన్యాసి రాసిన తొలి జీవితచరిత్రలో ఈ బహిష్కరణ ఊసే లేదు. పైగా కత్‌బర్ట్ రిపన్‌లోనే రోము తరహా శిరోముండనం, అంటే తల చుట్టూ వలయంగా జుట్టు మిగిల్చే పద్ధతిని స్వీకరించాడని అందులో ఉంది. ఐరిష్ పద్ధతిలో తల ముందు భాగం గొరిగించుకునేవారు. తమ పునీతుడి మీద ఓడిన పక్షపు మరక కనిపించకూడదన్న ఆత్రుత లిండిస్‌ఫార్న్ వారికి ఉండటం సహజం. ఈ విషయంలో బీడ్ మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలి, ఎందుకంటే రోము లెక్కను ప్రాణప్రదంగా భావించిన ఆయనకు కత్‌బర్ట్ గతంలో ఇటువంటి చిక్కును కల్పించవలసిన అవసరం లేదు.

అయితే మరణ సమయంలో ఈస్టర్‌ను తప్పు కాలంలో జరిపేవారితో పొత్తు వద్దని కత్‌బర్ట్ బోధించినట్టు అదే బీడ్ రాశాడు. అది కత్‌బర్ట్ నోటి మాటేనా, బీడ్ మనసులోని మాటా అన్న దాని మీద పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. పెరిగింది ఐరిష్ వాతావరణంలో, నడిచింది ఐరిష్ తపస్వుల దారిలో, తీర్పు వచ్చాక ఒప్పుకున్నది రోము లెక్కను అని చెప్పుకోవడం ఆధారాలకు దగ్గరగా ఉంటుంది. ఆయనను ఏదో ఒక శిబిరపు జెండాగా చేయడానికి ఆధారాలు సరిపోవు.

రెండేళ్ళ బిషప్, ఐదు ఉల్లిపాయలు

684లో చర్చి సభ ఆయనను బిషప్‌గా ఎన్నుకుంది. ఉత్తరాలకు ఆయన కదలకపోతే, ఓస్వియు తరువాత రాజైన ఎజ్‌ఫ్రిత్ స్వయంగా పడవ ఎక్కి దీవికి వెళ్ళి బతిమాలాడు. 685 మార్చి 26న యార్క్‌లో, ఆర్చిబిషప్ థియడోర్ చేతుల మీదుగా అభిషేకం జరిగింది. రెండు నెలలు తిరగకుండానే, మే 20న, ఇప్పటి స్కాట్లండు ఉత్తరాన ఉన్న పిక్ట్ జాతివారి మీదకు దండెత్తిన ఎజ్‌ఫ్రిత్ యుద్ధంలో చనిపోయాడు. అంతకు ముందే రాజు సోదరి, విట్బీ మఠాధిపతి అయిన ఎల్ఫ్లెడ్ కత్‌బర్ట్‌ను కలిసి తన అన్న తరువాత రాజు ఎవరని అడిగిందని, ఆయన ఐరిష్ దీవులలో ఉన్న సవతి సోదరుడు ఆల్డ్‌ఫ్రిత్‌ను సూచించాడని తొలి రచనలు చెబుతాయి. దీనిని భవిష్యవాణిగా చదవవచ్చు, రాజవంశ సంప్రదింపులలో ఏకాంతవాసికి ఉన్న స్థానంగానూ చదవవచ్చు. లోకాన్ని విడిచిన మనిషి మాటకే లోకంలో బరువు ఎక్కువ ఉండేదన్నది మాత్రం స్పష్టం.

686 క్రిస్మస్ తరువాత ఆయన పదవి విడిచి మళ్ళీ ఫార్న్ దీవికి చేరాడు. చివరి రోజుల వర్ణనను మఠాధిపతి హెరెఫ్రిత్ నోట విన్నది విన్నట్టుగా బీడ్ నమోదు చేశాడు. తుఫాను వల్ల ఐదు రోజులు పడవలు వెళ్ళలేదు. వాన తెరిపిచ్చాక హెరెఫ్రిత్ వెళ్ళేసరికి, కత్‌బర్ట్ రేవు దగ్గరి అతిథిగృహంలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఇన్నాళ్ళూ ఏం తిన్నారని అడిగితే పక్క మీది గుడ్డ తొలగించి ఐదు ఉల్లిపాయలు చూపించాడు. వాటిలో ఒకటి మాత్రమే, అదీ సగం కంటే తక్కువ, కొరికి ఉంది.

అప్పుడు జరిగిన సంభాషణ నా దృష్టిలో మొత్తం కథకే కీలకం. తనను ఈ దీవిలోనే పాతిపెట్టమని కత్‌బర్ట్ కోరాడు. కారణం కూడా చెప్పాడు: నన్ను మఠానికి తీసుకుపోతే నేరం చేసి పారిపోయినవారంతా నా సమాధి దగ్గరకు శరణు కోరి వస్తారు, వారి తరఫున మీరు అధికారుల దగ్గర ప్రాధేయపడవలసి వస్తుంది. సన్యాసులు పట్టుబట్టడంతో చివరికి ఒప్పుకున్నాడు. తన సమాధి ఒక అధికార కేంద్రం అవుతుందని ఆయన ముందే గ్రహించాడు, దానిని కోరుకోలేదు. 687 మార్చి 20న మరణించాడు.

కుళ్ళని దేహం, కదిలిన సమాధి

అప్పట్లో ఒకరిని పునీతుడిగా ప్రకటించే కేంద్ర వ్యవస్థ లేదు. స్థానిక సమాజం అవశేషాలను తవ్వి తీసి గౌరవ స్థానంలో ఉంచడమే ప్రకటన. 698లో, పదకొండేళ్ళు గడిచాక, సన్యాసులు ఎముకల కోసం సమాధి తెరిస్తే దేహం చెక్కుచెదరలేదని రాశారు. దానిని ఓక్ చెక్కతో చేసిన కొత్త పెట్టెలో పెట్టి నేలపైన ఉంచారు. ఆ పెట్టె ముక్కలు ఇప్పటికీ డర్హమ్‌లో ఉన్నాయి. వాటి మీద క్రీస్తు, అపొస్తలులు, దేవదూతలు, బాలయేసును ఎత్తుకున్న మరియ రూపాలు గీతలుగా చెక్కి ఉన్నాయి. పేర్లలో కొన్ని రోమన్ అక్షరాల్లో, కొన్ని జర్మానిక్ తెగల పాత రూనిక్ లిపిలో ఉన్నాయి.

793లో స్కాండినేవియా సముద్రపు దొంగలైన వైకింగులు లిండిస్‌ఫార్న్‌ను దోచుకున్నారు. 875లో సన్యాసులు శవపేటికతో సహా దీవిని విడిచారు. 883లో చెస్టర్-లీ-స్ట్రీట్‌లో, 995లో డర్హమ్‌లో స్థిరపడ్డారు. ఆపద వస్తే నా ఎముకలు తీసుకుని వెళ్ళిపొమ్మని కత్‌బర్ట్ మరణశయ్య మీద చెప్పిన మాట బీడ్ గ్రంథంలో ఉంది. కానీ అక్కడ ఆయన తలచిన ఆపద సంఘంలో చీలిక తెచ్చేవారి ఒత్తిడి, సముద్రపు దొంగలు కారు. తరువాతి తరాలు ఆ మాటను తమ ప్రయాణానికి ఆజ్ఞగా చదువుకున్నాయి.

ఈ సంచారాన్ని దిక్కులేని పలాయనంగా డర్హమ్ రచయితలు వర్ణించారు. ఆధునిక చరిత్రకారుల్లో కొందరు దీనిని వేరుగా చూస్తారు. వారు ఆగిన చోట్లలో పలు మఠానికి అప్పటికే చెందిన భూములు కాబట్టి, ఇది తమ ఆస్తుల మీద హక్కు నిలబెట్టుకునే పర్యటన కూడా అని వారి వాదన. కత్‌బర్ట్ కలలో కనిపించి గుత్రెడ్ అనే డేనిష్ యువకుడిని రాజును చేయమన్నాడని, ఆ రాజు టైన్, వేర్ నదుల మధ్య భూమిని పునీతుడికి ఇచ్చాడని మఠం వారి భూచరిత్ర చెబుతుంది. దానం పుచ్చుకునేది మఠం కాదు, చనిపోయిన కత్‌బర్ట్ అన్నట్టుగా ఆ పత్రాలు రాసి ఉంటాయి. అక్కడి ప్రజలు పునీతుడి జనంగా పేరు పొందారు. డర్హమ్ బిషప్‌లు 1836 వరకు రాజుతో సమానమైన కొన్ని అధికారాలు అనుభవించడానికి వేరు ఇక్కడే ఉంది.

స్త్రీద్వేషి అన్న ముద్ర ఎప్పుడు పడింది

డర్హమ్ కథీడ్రల్ పశ్చిమ భాగంలో నేల మీద ఒక నల్లరాతి గీత ఉంది. మధ్యయుగంలో స్త్రీలు దానిని దాటి లోపలికి రాకూడదు. కత్‌బర్ట్‌కు స్త్రీలంటే గిట్టదని సిమియన్ కాలంలో రాతకెక్కింది. 1333లో రాజు మూడవ ఎడ్వర్డ్‌తో వచ్చి మఠంలో బస చేసిన రాణి ఫిలిప్పా, ఈ సంగతి తెలిసి రాత్రికి రాత్రే కోటకు వెళ్ళవలసి వచ్చిందని ఒక వృత్తాంతం ఉంది.

తొలి రచనలు తెరిస్తే చిత్రం పూర్తిగా వేరు. కోల్డింగమ్ మఠాధిపతి అయిన ఎబ్బా అనే స్త్రీ పిలిస్తే వెళ్ళి కొన్నాళ్ళు ఉన్నాడు. రాత్రంతా సముద్రపు నీటిలో మెడలోతున నిలిచి ప్రార్థిస్తే, తెల్లవారాక నీటికుక్కలు వచ్చి ఆయన పాదాలకు వెచ్చదనమిచ్చాయన్న ప్రసిద్ధ కథ అక్కడిదే. ఎల్ఫ్లెడ్‌తో ఆయన సంప్రదింపులు పైన చూశాం. వెర్కా అనే మఠాధిపతి ఇచ్చిన నారబట్టను బతికుండగా కట్టుకోలేదని, ఆమె మీద ప్రేమతో తన శవానికి చుట్టడం కోసం దాచానని ఆయనే చెప్పినట్టు బీడ్ రాశాడు.

మరి మధ్యలో ఏమైంది? 1083లో నార్మన్ బిషప్ విలియం, సమాధిని తరతరాలుగా కాపాడుతున్న వివాహిత పురోహితులను తొలగించి, బ్రహ్మచర్యం పాటించే బెనెడిక్టైన్ సన్యాసులను నియమించాడు. భార్యాబిడ్డలు ఉన్నవారిని వెళ్ళగొట్టిన కొత్తవారికి, పునీతుడే స్త్రీల ఉనికిని సహించడన్న కథ ఎంతో అనుకూలం. ఇది కేవలం కట్టుకథ కాదని, ఆ కాలపు మఠాలలో స్త్రీల ప్రవేశం మీద మామూలుగా ఉన్న కట్టుబాటుకే ఇక్కడ పునీతుడి పేరు తగిలించారని చెప్పేవారూ ఉన్నారు. రెండు వివరణలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. ఏ విధంగా చూసినా ఈ ద్వేషం 7వ శతాబ్దపు కత్‌బర్ట్‌ది కాదు, ఆయనకు అంటగట్టినది.

తెరిచిన ప్రతిసారీ చూసినవారు ఏమన్నారు

కొత్త కథీడ్రల్ నిర్మాణం 1093లో మొదలైంది. 1104లో దేహాన్ని అందులోకి మార్చేటప్పుడు, సందేహించినవారి కోసం బయటి మఠాధిపతి ఒకరు స్వయంగా పరీక్షించి, కీళ్ళు కదులుతున్నాయని, దేహం చెడలేదని ప్రకటించాడు. 1530ల చివర, రోముతో తెగతెంపులు చేసుకున్న రాజు ఎనిమిదవ హెన్రీ అధికారులు సమాధి మందిరాన్ని ధ్వంసం చేసినప్పుడు కూడా అస్థిపంజరం బదులు పూర్తి దేహం కనిపించిందని వృత్తాంతాలు చెబుతాయి. 1827లో తెరిచినప్పుడు మాత్రం పట్టుబట్టలలో చుట్టిన ఎముకలే దొరికాయి. వాటితో పాటు బంగారంలో ఎర్రని గార్నెట్ రాళ్ళు పొదిగిన శిలువ, దంతపు దువ్వెన, ప్రయాణాలలో పూజకు వాడే చిన్న వేదిక దొరికాయి. 10వ శతాబ్దపు తొలినాళ్ళలో రాణి ఎల్ఫ్లెడ్ (పైన చెప్పిన మఠాధిపతి కాదు) కుట్టించిన జరీ వస్త్రాలు కూడా ఉన్నాయి.

దీని మీద మూడు వాదాలు ఉన్నాయి. 1827లో సమాధి తెరిపించిన జేమ్స్ రెయిన్, కుళ్ళని దేహమన్నదే మధ్యయుగ సన్యాసుల మోసమని రాశాడు. కాథలిక్కులలో ఒక సంప్రదాయం, అసలు దేహాన్ని సన్యాసులు రహస్యంగా వేరే చోట దాచారని, సమాధిలో దొరికిన ఎముకలు మరొకరివని చెప్పింది. మూడవది, పొడి నేలలో, మూసిన రాతి పెట్టెలో దేహం సహజంగా ఎండి చాలా కాలం నిలిచి, 16వ శతాబ్దంలో బయటపెట్టాక శిథిలమై ఉండవచ్చునన్నది. శిలువ, పెట్టె, వస్త్రాలు అన్నీ పాత వర్ణనలతో సరిపోతున్నాయి కనుక ఎముకలు ఆయనవి కావనడం కష్టం. చూసినవారంతా అబద్ధం చెప్పారనడం కంటే, ఎండిన దేహాన్ని చూసి తాము నమ్మిన భాషలో వర్ణించారనడం నాకు న్యాయంగా తోస్తుంది.

పెట్టెలో దొరికిన పుస్తకం

1104లో పెట్టె తెరిచినప్పుడు లోపల ఒక చిన్న యోహాను సువార్త ఉంది. 138 మిల్లీమీటర్ల ఎత్తు, 92 మిల్లీమీటర్ల వెడల్పు, 94 ఆకులు, ఎర్ర మేకతోలు అట్ట, అట్ట మీద ఉబ్బెత్తుగా తీర్చిన మొక్క. తొలినాటి కుట్టు, అట్ట చెడకుండా మిగిలిన యూరప్ పుస్తకాలలో ఇదే అత్యంత పాతది. 2012లో బ్రిటిష్ లైబ్రరీ దీనిని 90 లక్షల పౌండ్లకు కొనుగోలు చేసింది.

ఇది బాయ్‌సిల్, కత్‌బర్ట్ కలిసి చదివిన ప్రతేనని భక్తులు చాలాకాలం నమ్మారు. లిపి ఆ నమ్మకానికి అడ్డు వస్తుంది. అది వేర్మత్-జారో మఠాలలో 700 ప్రాంతం నుంచి నడిచిన రాత పద్ధతి, బాయ్‌సిల్ మహమ్మారికి బలైంది అంతకు దశాబ్దాల ముందు. ఆ చదువును తలచుకునే జారో వారు ఈ ప్రతిని కానుకగా పంపారనుకుంటే, పుస్తకం విలువ తగ్గదు, రెండు మఠాల మధ్య బంధానికి సాక్ష్యంగా పెరుగుతుంది.

బాతులు, చట్టం

ఫార్న్ దీవులలో గూళ్ళు పెట్టే ఐడర్ బాతును అక్కడివారు కత్‌బర్ట్ ముద్దుపేరుతో కడీ బాతు అని పిలుస్తారు. 676లో ఆయన ఈ పక్షులను చంపరాదని చట్టం చేశాడని, అది ప్రపంచంలో మొదటి పక్షి సంరక్షణ చట్టమని తరచు కనిపించే మాట. 676 ఆయన దీవికి వెళ్ళిన ఏడాది. ఆయనకు అప్పుడు బిషప్ పదవి లేదు, చట్టం చేసే అధికారం అంతకన్నా లేదు. బీడ్ గ్రంథంలో గాని, తొలి జీవితచరిత్రలో గాని ఐడర్ బాతుల ప్రస్తావన లేదు. వాటిలో ఉన్నవి బార్లీ తినవద్దని ఆయన మందలించిన పక్షులు, గడ్డి పీకిన కాకులు. ఐడర్ బాతులు పునీతుడి రక్షణలో ఉన్నాయని, వాటిని చంపి తిన్నవారికి శిక్ష తప్పలేదని చెప్పే కథలు 12వ శతాబ్దంలో రెజినాల్డ్ రాతలో కనిపిస్తాయి. అప్పటికి ఆ దీవి డర్హమ్ మఠానికి చెందిన ఏకాంతవాసుల నివాసం. కాబట్టి ఆ పక్షులను కాపాడిన కట్టుబాటు నిజమే, కాకపోతే అది కత్‌బర్ట్ పేరు మీద అక్కడి సన్యాసులు పాటించినది.